కొండదారికి పాత జీపు

కొండ ఎక్కే బండికి శక్తిగల ఇంజను ఉంటే చాలునని మనం సామాన్యంగా అనుకుంటాం. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో చూడాలంటే తూర్పు కనుమలకు పోవాలి. విశాఖపట్నం నుంచి అరకు పోయే దారిలో బొర్రా గుహలున్నాయి. అక్కడనుంచి కటికి జలపాతానికి పోయే రాళ్లబాటలో పాత మహీంద్రా జీపులు యాత్రికులను ఎక్కించుకొని తిరుగుతుంటాయి. హైదరాబాదులో అమీర్‌పేట దాటి కృష్ణానగర్ వెళ్లి చూస్తే, అక్కడి ఇరుకు సందుల్లో నిలిపి ఉంచిన చిన్న కార్లలో ఎన్నింటికో ఆ జీపులకన్న ఎక్కువ అశ్వశక్తి ఉంటుంది. ఐనా ఆ కార్లను కటికి బాటమీదికి తీసుకుపోతే మొదటి గుంటలోనే వాటి చక్రాలు ఉన్నచోట తిరుగుతాయి. జీపు మాత్రం నింపాదిగా ఎక్కిపోతుంది.

ఇందుకు కారణం జీపు పుట్టిన చరిత్రలో ఉన్నది. పాత జీపును కొండదారికి సిద్ధం చేయదలచినవారు ఆ చరిత్రను తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే ఆ బండిని తయారుచేసినవారు దేనికోసం పాటుపడ్డారో తెలియకపోతే, బాగుచేస్తున్నామనుకుంటూ వారు సాధించినదానినే మనం పాడుచేస్తాం.

పట్టు అంటే ఏమిటి?

ఇంజను చక్రాన్ని తిప్పుతుంది. చక్రం నేలను వెనక్కు నెడుతుంది. నేల బండిని ముందుకు నెడుతుంది. ఈ మూడవ పని జరగాలంటే టైరుకు, నేలకు మధ్య ఘర్షణ ఉండాలి. ఘర్షణకు ఒక హద్దు ఉన్నది. గట్టిపడిన మట్టిబాటమీద ఈ హద్దు చక్రంమీద పడే బరువులో సుమారు 60 వంతులు, అనగా నూటికి అరవై, అనుకుందాం. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఆ రెండు చక్రాలమీద బండి బరువులో సగమే ఉంటుంది. కనుక ఆ బండికి దొరికే పట్టు మొత్తం బరువులో నూటికి ముప్పై మాత్రమే. అడ్డంగా 100 మీటర్లు సాగేసరికి 30 మీటర్లు లేచే వాలు వరకే అది ఎక్కగలదు. నాలుగు చక్రాలకూ బలం అందిస్తే బరువంతా పట్టుకు పనికివస్తుంది. అప్పుడు అదే దూరంలో 60 మీటర్లు లేచే వాలు కూడ ఎక్కవచ్చు. వాలుమీద బరువు వెనుక చక్రాలవైపు కొంత జరుగుతుంది గాని, ఈ మోటు లెక్కకు దానిని వదిలివేయవచ్చు.

ఈ సంగతిని విద్యార్థులు తరగతిలోనే పరీక్షించవచ్చు. ఒక చెక్కమీద పెన్సిలు చెరిపే రబ్బరు ముక్కను ఉంచి, చెక్క ఒక కొనను నెమ్మదిగా ఎత్తుతూ పోవాలి. రబ్బరు జారటం మొదలయ్యే క్షణంలో ఎత్తిన కొన ఎత్తును, చెక్క కింద నేలమీద ఉన్న అడ్డు దూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. చెక్కమీద నీళ్లు చల్లి మళ్లీ చేస్తే, వానకాలంలో కొండబాట ఎందుకు ప్రమాదకరమో తెలుస్తుంది.

జీపుకు ముందు

నాలుగు చక్రాలకూ బలం అందించాలన్న ఆలోచన జీపుతో పుట్టలేదు. 1903లో హాలెండు దేశపు స్పైకర్ సోదరులు 60 అశ్వశక్తుల పందెపు కారును ఈ పద్ధతిలో తయారుచేశారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ గ్రామంలో ఓట్టో జాఖో, విలియం బెసర్‌డిక్ అనే ఇద్దరు యంత్రపు పనివారు 1908 ప్రాంతాల ఇటువంటి బండినే నిర్మించారు. వారి పద్ధతిలో తయారైన లారీలు మొదటి ప్రపంచయుద్ధపు బురదలో వేలకొద్దీ పనిచేశాయి.

ఇందులో అసలు చిక్కు ముందు చక్రాలతో వచ్చింది. వెనుక చక్రాలు తిరిగితే చాలు. ముందు చక్రాలు తిరుగుతూనే పక్కలకు మళ్లాలి కూడ. కడ్డీని రెండుగా విరిచి నడుమ సామాన్యమైన కీలు పెడితే, కడ్డీ వంగినప్పుడు రెండవ ముక్క ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులోను రెండుసార్లు వడి హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. స్టీరింగు పట్టుకున్న చేతులకు ఆ కుదుపు తగులుతుంది. 1920ల చివర ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు ఉక్కు గుండ్లతో ఒక కీలు రూపొందించి ఈ చిక్కు విప్పాడు. ఎంత వంచినా అది సమవేగంతో తిప్పుతుంది. జీపు ముందు ఇరుసు రెండు కొనల్లో, గుండ్రని గిన్నెలలో గ్రీజు మధ్య ఉండేవి ఈ జాతి కీళ్లే.

నలభైతొమ్మిది రోజుల బండి

1940 జూలైలో అమెరికా సైన్యం ఒక తేలిక బండికోసం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలకూ బలం అందాలి. 49 రోజుల్లో నమూనా చేతికి రావాలి. బరువు మాత్రం 1,300 పౌన్లు, అనగా సుమారు 590 కిలోగ్రాములు, మించరాదు. గడువుకు ఒప్పుకున్నది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో పటాలు గీశాడు. సెప్టెంబరు 23న నమూనా బండి సైన్యపు ఆవరణకు చేరింది. ఐతే 1,300 పౌన్లలో అటువంటి బండి అసాధ్యమని త్వరలోనే తేలింది. సైన్యం ఆ హద్దును 2,160 పౌన్లకు, అనగా 980 కిలోగ్రాములకు, పెంచవలసివచ్చింది.

ఆ తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు కూడ రంగంలోకి దిగాయి. విల్లీస్ ఇంజను 60 అశ్వశక్తులది, మూడింటిలోకి బలమైనది. కాని వారి బండి హద్దుకు మించి బరువు తూగింది. ఇంజనీరు బార్నీ రూస్ ఎదుట రెండు మార్గాలున్నాయి: చిన్న ఇంజను పెట్టటం, లేదా తక్కిన బండిని తేలిక చేయటం. ఆయన రెండవదే ఎన్నుకున్నాడు. బండిని ముక్కముక్కలుగా విప్పించి, అవసరానికి మించి పొడవున్న బోల్టులను సైతం కురచ చేయించాడు. యుద్ధం ముగిసేలోగా తయారైన సుమారు ఆరు లక్షల నలభై వేల జీపులకు ఆ తేలికదనమే ఆధారమైంది. బురదలో దిగినప్పుడు నలుగురు మనుషులు చేయివేసి పైకి లాగగలిగినది అందుచేతనే.

ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. ఈనాడు పాత జీపును కొండలకు సిద్ధం చేసేవారు మొదట చేసే పని దానికి బరువైన ఇనుప బంపర్లు, పైన సామాను చట్రం, పక్కల ఇనుప మెట్లు బిగించటం. రూస్ బోల్టు బోల్టుకూ తగ్గించిన బరువును వారు మణుగులకొద్దీ మళ్లీ ఎక్కిస్తున్నారన్నమాట.

నాగలి ఇచ్చిన గేరు

యుద్ధం ముగిసిన 1945లో విల్లీస్ కంపెనీ పౌరుల జీపును తయారుచేసింది. కొనవలసినవారు రైతులు. అది నాగలి లాగాలి, కోతయంత్రం తిప్పాలి. నాగలికి వడి పనికిరాదు. నెమ్మది, లాగే బలం కావాలి. అందుకని గేరు పెట్టెను గట్టిపరచి, గేర్ల నిష్పత్తులన్నిటిని పెంచారు. ఆ బండి మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8, బలాన్ని ముందు వెనుక ఇరుసులకు పంచే పెట్టెలోని తగ్గింపు గేరు సుమారు 2.4, ఇరుసులోనిది 5.38. ఈ మూడింటిని గుణిస్తే 36 వస్తుంది. అనగా ఇంజను 36 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. సైనికుల జీపులో ఇది సుమారు 26 మాత్రమే.

ఈ 36 అంకెలో రెండు ఫలితాలున్నాయి. మొదటిది బలం. ఇంజను తిప్పుడు బలం, అనగా టార్కు, 14.5 కిలోగ్రాం-మీటర్లు. దీనిని 36తో గుణించి, చక్రపు వ్యాసార్ధం 0.355 మీటర్లతో భాగిస్తే టైరు నేలను నెట్టే బలం సుమారు 1,470 కిలోగ్రాములని తేలుతుంది. గేర్ల ఒరిపిడికి అయిదవ వంతు పోయిందనుకున్నా దాదాపు 1,200 మిగులుతుంది. మనుషులతో, సామానుతో జీపు మొత్తం 1,500 కిలోగ్రాములనుకుంటే, దానికి దొరికే పట్టు నూటికి అరవై చొప్పున 900 కిలోగ్రాములే! కాబట్టి ఇంజను ఆగిపోకముందే టైరు జారుతుంది. పాత జీపులో లోపించేది శక్తి కాదు, పట్టు. మరింత పెద్ద ఇంజను పెట్టటంవల్ల చక్రం మరింత వడిగా జారుతుందే తప్ప బండి పైకి పోదు.

రెండవ ఫలితం నెమ్మది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ గేరులో జీపు గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అది వడిగా నడిచే మనిషి వేగం. రాళ్లబాటలో ఏ చక్రం ఏ రాతిమీద పడుతున్నదో చూచుకోవటానికి నడిపేవానికి వ్యవధి ఉంటుంది.

మన దేశానికి రాక

1945లో ఏర్పడిన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి కూర్చటం ప్రారంభించింది. భాగస్వామి మాలిక్ గులాం మొహమ్మద్ పాకిస్తానుకు వెళ్లిపోగా, 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1953లో అమెరికాలో వెలువడిన ఎత్తు బానెట్టు జీపు అక్కడ 1968లో ఆగిపోయినా, మన దేశంలో దాని వంశం అనేక సంవత్సరాలు సాగింది. 1980లలో ఆ వంశానికి డీజిలు ఇంజనులు వచ్చాయి. తహసీలుదార్లు, అటవీ శాఖవారు, మలేరియా నివారణ సిబ్బంది ఎక్కి తిరిగిన బండ్లు ఇవే.

విశాఖ మన్యంలో దారి అనేదానికే ఒక చరిత్ర ఉన్నది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాటురోడ్డు వేసేటప్పుడు, గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ గిరిజనులచేత చాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై అల్లూరి సీతారామరాజు దాడితో మొదలైన తిరుగుబాటుకు గల కారణాలలో ఇదొకటి. 2022లో ఆయన పేరుతో పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ఐనప్పటికీ ఆ కొండల్లో రోడ్డు చేరని గూడేలు ఇంకా ఉన్నాయి. అక్కడ రోగిని డోలీ కట్టి మోసుకొని, బండి రాగల చోటుకు తేవలసివస్తుంది. ఆ చోటు ఎంత లోపలికి ఉంటే మోత అంత తగ్గుతుంది. కనుక జీపు సరిగా ఉన్నదా లేదా అనేది అక్కడ వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు.

సిద్ధం చేయటం ఎలా?

మొదట చూడవలసినది ముందు ఇరుసు. మన దేశంలో జీపు ఆకారంలో అమ్ముడుపోయిన బండ్లలో వెనుక చక్రాలకు మాత్రమే బలం అందేవి చాల ఉన్నాయి. నాలుగు చక్రాల బండే ఐనా, కృష్ణానగర్‌నుంచి పంజగుట్టకు తారురోడ్డుమీద తిరిగినంతకాలం ముందు ఇరుసును కలిపే పని ఉండదు. అసలు తారుమీద కలపరాదు కూడ. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్న ఎక్కువ దూరం తిరగాలి. రెండు ఇరుసులను గట్టిగా కలిపివేస్తే, జారటానికి వీలులేని తారుమీద ఆ తేడా గేర్లను మెలిపెడుతుంది. ఈ కారణంచేత ఏళ్ల తరబడి ముందు ఇరుసు కదలదు. గిన్నెలలో గ్రీజు ఎండిపోతుంది, మీట బిగుసుకుపోతుంది. ఊరు దాటకముందే ఒక మట్టి మైదానంలో మీటలన్నీ వేసి చూడాలి.

రెండవది కమాను కట్టలు. ఎక్కువ బరువు మోయాలని వీటికి అదనపు పట్టీలు చేర్చటం సాధారణంగా కనిపించే అలవాటు. ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ గుణం ఏమిటంటే, ఏ చక్రం సులభంగా తిరిగితే దానికే వడి ఇస్తుంది. కమాను బిగుసుగా ఉంటే ఎగుడుదిగుడు బాటలో ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. లేచిన చక్రం ఊరికే తిరుగుతుంటే, నేలమీదున్న చక్రం కదలదు. కాబట్టి కమాను పట్టీలు విరగకుండా, వాటి బోల్టులు వదులు కాకుండా, పట్టీల మధ్య తుప్పు లేకుండా చూచి, వాటిని స్వేచ్ఛగా వంగనివ్వటమే మేలు.

మూడవది టైరు. ఒక్కొక్క చక్రంమీద 375 కిలోగ్రాములు పడుతున్నాయనుకుందాం. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కిలోగ్రాములైతే, నేలను తాకే వైశాల్యం సుమారు 188 చదరపు సెంటీమీటర్లు. పీడనాన్ని 1.4కు తగ్గిస్తే అది సుమారు 268 అవుతుంది. ఘర్షణ వైశాల్యంమీద ఆధారపడదని పాఠ్యపుస్తకం చెబుతుంది కదా అని విద్యార్థి అడగవచ్చు. నున్నని గట్టి తలాల విషయంలో అది నిజం. మెత్తని రబ్బరు రాతి ఎగుడుదిగుళ్లను పొదివి పట్టుకుంటుంది. వదులు మట్టిలో తక్కువ లోతుకు దిగుతుంది. ఐతే తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి నింపాలి. లేకపోతే టైరు పక్కలు అతిగా నలిగి, వేడెక్కి, పగిలిపోవచ్చు.

నాలుగవది రేడియేటరు. అనంతగిరి ఘాటులో దారి వెయ్యి మీటర్లకు పైగా లేస్తుంది. ఆ ఎత్తున నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గాలి పలుచబడటంవల్ల పెట్రోలు ఇంజను శక్తిలో సుమారు పదవ వంతు తగ్గుతుంది. పైగా తగ్గింపు గేరులో ఇంజను వడిగా తిరుగుతుంది గాని, ఎదురుగాలి ఉండదు. చల్లబరచే పని అంతా ఫ్యానుదే. అందుచేత రేడియేటరు గొట్టాలలోని పాచిని కడిగించి, ఫ్యాను బెల్టును, బిగుతుగా మూసుకొనే మూతను సరిచూడాలి. మూత పట్టి ఉంచే పీడనమే నీరు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది.

అయిదవది సామాను పెట్టే చోటు. జీపు రెండు చక్రాల మధ్య వెడల్పు సుమారు 1.22 మీటర్లు, అందులో సగం 0.61. గురుత్వ కేంద్రం నేలకు 0.7 మీటర్ల ఎత్తున ఉంటే బండి పక్కకు సుమారు 41 డిగ్రీలు ఒరిగేదాకా పడదు. పైకప్పుమీద సామాను, మనుషులు ఎక్కి ఆ కేంద్రం 0.9 మీటర్లకు లేస్తే 34 డిగ్రీలకే పడిపోతుంది. కదిలే బండి ఇంకా ముందే పడుతుంది. బరువైనది ఏదైనా అడుగున, నడుమ ఉండాలి.

దిగటమే కష్టం

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది బ్రేకు. ఎక్కలేకపోయిన బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగని బండి ప్రాణాలు తీస్తుంది. 1,500 కిలోగ్రాముల జీపు ఘాటులో 600 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. బరువును, గురుత్వ త్వరణం 9.8ని, ఎత్తును గుణిస్తే, కోల్పోయే స్థితిజ శక్తి సుమారు 88 లక్షల జౌళ్లని తెలుస్తుంది. ఇది 25 లీటర్ల చన్నీళ్లను 20 డిగ్రీలనుంచి మరిగేదాకా కాచటానికి చాలు. బ్రేకు తొక్కుతూనే దిగితే ఈ వేడి అంతా నాలుగు ఇనుప డ్రమ్ములలోకి పోతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది. కాలిన లైనింగు నునుపెక్కి పట్టు కోల్పోతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. ఏళ్లతరబడి మార్చని ద్రవంలో నీరు చేరి ఉంటుంది. అది మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడలు నేలను తాకినా చక్రం ఆగదు.

ఈ లోపం నగరంలో ఎప్పుడూ బయటపడదు. అమీర్‌పేట కూడలిలో వందసార్లు బ్రేకు తొక్కినా, మధ్యమధ్య డ్రమ్ము చల్లారుతూనే ఉంటుంది. కొండదారికి వెళ్లేముందు లైనింగులు, చక్రాల సిలిండర్లు, ద్రవం మార్పించటానికి అయ్యే ఖర్చు, ఇనుప బంపరుకయ్యే ఖర్చుకన్న ముందు పెట్టవలసినది.

నాగలికోసం వచ్చిన గేరు ఇక్కడ మరొకసారి అక్కరకు వస్తుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమని ఘాటురోడ్లమీద డ్రైవర్లకు చెప్పే మాటలోని శాస్త్రం ఇదే. తగ్గింపు గేరులో బండి ఇంజనును తిప్పుతూ దిగాలి. 36 చుట్లు తిప్పితేగాని చక్రం ఒక చుట్టు కదలదు కనుక, ఇంజనులోని ఒరిపిడి, గాలిని పీల్చి నొక్కే శ్రమ బండిని పట్టి ఉంచుతాయి. శక్తిలో పెద్ద భాగం ఇంజనులో ఖర్చై, రేడియేటరుద్వారా, పొగగొట్టంద్వారా గాలిలో కలిసిపోతుంది. బ్రేకు చల్లగా ఉండి, అవసరమైన ఒక్క క్షణానికి సిద్ధంగా ఉంటుంది. గేరు తీసివేసి, ఇంధనం ఆదా చేద్దామని దిగేవాడు ఆ 88 లక్షల జౌళ్లను డ్రమ్ములకే అప్పగిస్తున్నాడు.

ప్రోబ్స్ట్, రూస్, ర్జెప్పా వంటివారు సాధించినవి నాలుగు: నాలుగు చక్రాల పట్టు, తేలికదనం, సమవేగపు కీలు, నెమ్మదైన గేరు. నలభై ఏళ్లు నిండిన జీపులో కూడ ఈ నాలుగూ ఉంటాయి. తుప్పు, దుమ్ము, నిర్లక్ష్యం వాటిని కప్పివేసి ఉంటాయి. వాటిని తిరిగి పనిలోకి తేవటమే కొండదారికి బండిని సిద్ధం చేయటం. విహారయాత్రకు జీపులు మాట్లాడే ఉపాధ్యాయులు బయలుదేరేముందు డ్రైవరును రెండు ప్రశ్నలు అడగటం మంచిది: బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారు? ఘాటు ఏ గేరులో దిగుతారు? ఈ రెండింటికి సరైన సమాధానం వస్తే, పిల్లలను నిశ్చింతగా ఎక్కించవచ్చు, సీట్లకు మించకుండా మాత్రమే.